ఆరని నీరు: టీబీ మందులు వాడుతూ వచ్చిన ఒక ఊపిరితిత్తుల క్యాన్సర్ కేసు

గోదావరి లంక గ్రామంలో ఉండే మహిళ, యాభైకి దగ్గరపడిన వయసు. టీబీ మందులు మొదలుపెట్టిన నాలుగో నెలలో ఆయాసంతో వచ్చారు. పరీక్షలన్నీ అయ్యాక తేలింది ఊపిరితిత్తుల క్యాన్సర్. డెల్టాలో ఛాతీ వైద్యం చేసేవారికి ఇలాంటి కేసు కొత్తేమీ కాదు. అయినా రాయడానికి కారణం ఉంది. ఇందులో చూసిన ప్రతి వైద్యుడి నిర్ణయమూ ఆ రోజుకు సబబుగానే కనిపిస్తుంది. అలాంటి నిర్ణయాలతోనే నాలుగు నెలలు ఎలా పోయాయో, ఆ తర్వాత ఒక్కో మలుపులో ఏ లెక్క వేసి ముందుకు వెళ్లామో పీహెచ్‌సీల్లోనూ చిన్న ఆసుపత్రుల్లోనూ పనిచేసే వైద్యులకు ఉపయోగపడుతుందని ఈ కేసు రాస్తున్నాం. మనిషి ఎవరో తెలియకుండా వయసు, కుటుంబ వివరాలు, తేదీలు కొంత మార్చాం.

నేపథ్యం

కౌలు సేద్యం మీద బతికే కుటుంబం. భర్త ముప్పై ఏళ్లుగా చుట్ట కాలుస్తారు, వర్షాకాలంలో ఇంట్లోనే. ఆమె పెళ్లయిన నాటి నుంచి పొయ్యి మీదే వండారు. కోనసీమలో పొయ్యిలోకి వెళ్లేది ఎక్కువగా కొబ్బరి డొక్కలు, మట్టలు. డొక్క చెమ్మగా ఉంటే మంట కన్నా పొగే ఎక్కువ. గ్యాస్ వచ్చి కొన్నేళ్లయినా నీళ్లు కాచడానికీ, పెద్ద వంటలకీ ఇంకా ఆ పొయ్యే. సుగర్ లేదు, బీపీ లేదు. ఇంట్లో ఎవరికీ టీబీ రాలేదు.

పాత చీటీల్లో "పొగ అలవాటు లేదు" అని ఉంది. ఆ మాటను మళ్లీ అడిగి నిర్ధారించుకున్నాం. "సిగరెట్ తాగుతారా" అని ఇంటిల్లిపాది ముందు అడిగితే మన ఆడవాళ్లు లేదనే అంటారు. ఒంటరిగా కూర్చోబెట్టి చుట్ట, అడ్డపొగ (మండే చివర నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం), నశ్యం, పొగాకు నమలడం ఒక్కొక్కటీ విడిగా అడగాలి. ఉత్తర కోస్తా పల్లెల్లో పుట్టి ఇటు కోడళ్లుగా వచ్చినవారిలో అడ్డపొగ అలవాటు ఉండొచ్చు. ఈమెకు ఏదీ లేదు.

కారణం గురించి కుటుంబం చాలాసార్లు అడిగింది. తెలిసినంత వరకు చెప్పాం. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు అన్నిటికన్నా పెద్ద కారణం పొగాకు. బీడీ, సిగరెట్, చుట్ట అన్నీ ఆ లెక్కలోవే. పక్కవారు వదిలే పొగ కూడా కారణమేనని రుజువైంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఇంట్లో బొగ్గు మండించిన పొగను "కచ్చితంగా క్యాన్సర్ కారకం" అన్న మొదటి వర్గంలో పెట్టింది. కట్టెల వంటి జీవ ఇంధనాల పొగను అంతకు ఒక మెట్టు కింద, "బహుశా కారకం" అన్న వర్గంలో ఉంచింది. డీజిల్ పొగను 2012లో, బయటి గాలి కాలుష్యాన్ని 2013లో మొదటి వర్గంలో చేర్చింది. ఆస్బెస్టాస్, రేడాన్, ఆర్సెనిక్ కూడా ఆ వర్గంలోవే. కానీ ఒక మనిషికి వచ్చిన కణితిని చూపించి ఇది ఫలానా పొగ వల్లే వచ్చిందని ఎవరూ చెప్పలేరు. పొగ తాగని ఆసియా మహిళల్లో వచ్చే ఎడినోకార్సినోమా (గ్రంథి కణాల తీరున ఉండే క్యాన్సర్ రకం) తీరు వేరు. దాని వెనుక తరచుగా ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో వచ్చిన ఒకే మార్పు ఉంటుంది, ఈ కేసులో చికిత్స మొత్తం ఆ మార్పు చుట్టూనే తిరిగింది.

మా దగ్గరకు రాకముందు

సంక్రాంతి వెళ్లాక పొడి దగ్గు మొదలైంది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గు మందు, యాంటీబయాటిక్, రెండు మూడు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చారు. స్టెరాయిడ్ పడిన నాలుగు రోజులూ దగ్గు తగ్గి, ఆకలి వేసేది. దాంతో ఇంకో నెల గడిచింది. ఆయాసం వచ్చాక ఎక్స్‌రే తీస్తే కుడి ఊపిరితిత్తి చుట్టూ, ఛాతీ పొరల మధ్య నీరు. ఇంట్లో వాళ్ల మాటల్లో "నెమ్ము చేసింది".

అక్కడి ఆసుపత్రిలో 900 మి.లీ. నీరు తీశారు. కొద్దిగా ఎర్రగా ఉందని రాశారు. ప్రోటీన్, ఎల్‌డీహెచ్ ఎక్కువ, లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు) 80 శాతం, ఏడీఏ (టీబీ నీటిలో పెరిగే ఎంజైము) 46. కళ్లెలో సీబీనాట్ (టీబీ క్రిమి జన్యువును వెతికే పరీక్ష) నెగటివ్. కణాల పరీక్షకు పంపిన నీరు కొద్దిగానే ఉంది, "క్యాన్సర్ కణాలు కనపడలేదు" అని రిపోర్ట్. టీబీ మందులు మొదలయ్యాయి.

ఈ నిర్ణయాన్ని తప్పు పట్టలేం. మన దేశంలో ఛాతీలో లింఫోసైట్లతో నిండిన నీరు, ఏడీఏ 40 పైన అంటే టీబీ అనుకోవడమే న్యాయం. ఇలాంటి టీబీలో కళ్లెలోనూ, ఛాతీ నీటిలోనూ క్రిమి దొరకడం కష్టం కాబట్టి సీబీనాట్ నెగటివ్ వచ్చినంత మాత్రాన టీబీని కొట్టేయలేం. అయితే ఏడీఏ 70 దాటడానికీ, 46 దగ్గర ఆగడానికీ తేడా ఉంది. 40కీ 70కీ మధ్య టీబీతో పాటు క్యాన్సర్, లింఫోమా, చీము, కీళ్లవాతపు నీరు కూడా కనిపిస్తాయి. ఆ అంకెతో మందులు మొదలుపెట్టొచ్చు. కాకపోతే కార్డు మీద ఒక తేదీ రాసుకోవాలి: ఎనిమిది వారాలకు బరువు, జ్వరం, ఎక్స్‌రే చూసి ఈ రోగ నిర్ణయాన్ని మళ్లీ మొదటి నుంచి ప్రశ్నించాలి అని.

ఎనిమిదో వారం ఎక్స్‌రేలో నీరు మొదటికన్నా తక్కువ కనిపించింది, మందులు పనిచేస్తున్నాయనుకున్నారు. నిజానికి అది మధ్యలో 900 మి.లీ. తీసేసినందువల్ల. నీరు తీసిన మర్నాటి ఎక్స్‌రేతో పోల్చి ఉంటే పెరిగినట్టు తెలిసేది. అలాంటి ఎక్స్‌రే తీయలేదు. మందులు మొదలుపెట్టినప్పుడు బరువు 52 కిలోలు, రెండో నెలకు 49, నాలుగో నెలకు 46. ఈ మూడు అంకెలూ చికిత్స కార్డు మీదే వరసగా ఉన్నాయి. టీబీ మందు పనిచేసే మనిషికి ముందు ఆకలి వేస్తుంది, తర్వాత బరువు పెరుగుతుంది. మందు మాత్రలు బరువును బట్టే ఇస్తాం కనుక ఆ గడి అందరూ నింపుతారు, కానీ వెనక్కి తిరిగి చదివేవారు తక్కువ. టీబీలో కూడా మందులు మొదలుపెట్టిన తొలి వారాల్లో నీరు పెరగవచ్చు, అది మందు విఫలమైనట్టు కాదు. అలాంటప్పుడు జ్వరం తగ్గి, ఒంట్లో సత్తువ వస్తూ ఉంటుంది. నీరూ పెరిగి, బరువూ తగ్గుతుంటే ఆ వివరణ నిలబడదు.

వచ్చినప్పటి స్థితి

జూన్ మొదటి వారం. నాలుగడుగులు వేస్తే ఆయాసం, కుడి భుజం నొప్పి, జ్వరం లేదు. ఆక్సిజన్ 91 శాతం. వేళ్ల చివరలు ఉబ్బి గోళ్లు వంపు తిరిగాయి. నాలుగు నెలల టీబీ నీటిలో మామూలుగా ఇది రాదు. ఎక్స్‌రేలో కుడి వైపంతా తెల్లగా ఉంది, అయినా శ్వాసనాళం ఎడమకు జరగలేదు. అంత నీరు నెట్టుతున్నప్పుడు గుండె, శ్వాసనాళం అవతలి వైపుకు జరగాలి. జరగలేదంటే లోపల ఊపిరితిత్తి ముడుచుకుని ఇటు లాగుతోందని, అంటే గాలి గొట్టం ఎక్కడో మూసుకుందని గానీ పొర గట్టిపడి బిగుసుకుందని గానీ అర్థం. ఈ ఒక్క ఎక్స్‌రేతోనే మా అనుమానం టీబీ నుంచి కణితి వైపు తిరిగింది. అల్ట్రాసౌండ్‌లో ఛాతీ పొర సెంటీమీటరు పైగా మందంగా, బుడిపెలు బుడిపెలుగా ఉంది. డయాఫ్రం మీద కూడా బుడిపెలు.

నీటిని ఎలా తీశాం, ఎలా పంపాం

చాలాచోట్ల రోగ నిర్ణయం తప్పిపోయేది ఈ దశలోనే, అందుకే వివరంగా రాస్తున్నాం.

అల్ట్రాసౌండ్ చూస్తూ 1.2 లీటర్లు తీశాం. ఒకసారికి లీటరున్నర దాటకూడదు. ఛాతీ బిగుతు గానీ, ఆగని దగ్గు గానీ మొదలైతే ఎంత తీసినా అక్కడికి ఆపేయాలి. ముడుచుకున్న ఊపిరితిత్తి ఒక్కసారిగా విచ్చుకుంటే అందులోకి నీరు ఊరి ప్రాణం మీదకు వస్తుంది. నీరు తీశాకే సీటీ తీయించాం. నీరు నిండి ఉండగా తీసిన సీటీలో ముడుచుకున్న ఊపిరితిత్తికీ కణితికీ తేడా తెలియదు, డబ్బు వృథా అవుతుంది.

కణాల పరీక్షకు పది మి.లీ. సీసా చాలదు. కనీసం 50 నుంచి 60 మి.లీ. పంపాలి, సెల్ బ్లాక్ (నీటిలోని కణాలను ముద్దగా చేసి, ముక్కలా కోసి చూడటం) చేయించాలంటే ఇంకా ఎక్కువ ఉంటే మేలు. మేం 200 మి.లీ. పైగా పంపాం. రక్తం కలిసిన నీరు గడ్డకట్టి కణాలను లోపల చిక్కించుకుంటుంది కనుక సీసాలో ముందే కొద్దిగా హెపారిన్ వేశాం. లంకల నుంచి రాజమండ్రికో కాకినాడకో నమూనా చేరేసరికి పూట గడుస్తుంది, జూన్ ఎండలో బస్సు డిక్కీలో కణాలు చెడిపోతాయి. ఐస్ పెట్టెలో పెట్టి, ఐస్ నేరుగా సీసాకు తగలకుండా, అదే రోజు చేరేలా పంపాలి. ఖాళీ మంచినీళ్ల సీసాలో పోసి బంధువు చేతికివ్వడం ఇప్పటికీ జరుగుతోంది. అలాంటి నమూనాలో "ఏమీ లేదు" అని వస్తే ఆ మాటకు విలువ లేదు.

ఇంత జాగ్రత్త పడినా మొదటి రిపోర్ట్ "అనుమానాస్పద కణాలు" దగ్గరే ఆగింది. నీటిలోని కణాల పరీక్ష క్యాన్సర్ ఉన్నవారిలో పదిమందిలో ఆరుగురికే దాన్ని పట్టిస్తుంది. రెండోసారి పంపితే ఇంకొంతమందికి దొరుకుతుంది, మూడోసారితో ఒరిగేది చాలా తక్కువ.

సీటీలో కుడి కింది లోబ్‌లో 3.8 సెం.మీ. కణితి, అంచులు ముళ్లలా ఉన్నాయి. మధ్య ఛాతీలో గ్రంథులు పెరిగాయి. బ్రాంకోస్కోపీ (గాలి గొట్టాల్లోకి కెమెరా పంపి చూడటం) ఇంతకు ముందే వేరేచోట జరిగింది, కడిగిన నీటిలో ఏమీ రాలేదు. కణితి అంచున, పెద్ద గొట్టాలకు దూరంగా ఉంది కాబట్టి అది ఆశ్చర్యం కాదు. దాన్నే మళ్లీ చేయించడం వల్ల లాభం లేదనుకున్నాం. మూడోసారి నీరు పంపడమా, సూదితో కణితి ముక్క తీయడమా, థొరకోస్కోపీ (ఛాతీకి చిన్న రంధ్రం పెట్టి కెమెరాతో లోపల చూడటం) చేయడమా అన్నది ప్రశ్న. ఛాతీ పొర మీదే బుడిపెలున్నాయి, కళ్లతో చూస్తూ అక్కడి నుంచి తీస్తే ముక్క దొరకకుండా పోదు. జన్యు పరీక్షలన్నిటికీ సరిపడా దొరుకుతుంది, ఆ పూటే నీటి సంగతి కూడా తేల్చొచ్చు. థొరకోస్కోపీకే నిర్ణయించాం.

"ముక్క తీస్తే పాకిపోతుంది కదండీ" అని పెద్ద కొడుకు వెనకాడారు. ఈ భయం దాదాపు ప్రతి ఇంట్లో ఉంటుంది, కసిరితే పోదు. జబ్బు ఇప్పటికే ఛాతీ పొరకు చేరిందని, సూది వల్ల కొత్తగా పాకేది దాదాపు లేదని, ముక్క లేకపోతే ఏ మందు పనిచేస్తుందో తెలియదని సీటీ బొమ్మ ముందు పెట్టి చెప్పాం.

ఆరు ముక్కలు తీశాం. ఐదు ఫార్మలిన్‌లో, ఒకటి సెలైన్‌లో టీబీ కల్చర్‌కు. ఇవి తారుమారైతే రెండు పరీక్షలూ పోతాయి. ఫార్మలిన్‌లో పడిన ముక్కలో టీబీ క్రిమి పెరగదు, సెలైన్‌లో ఉండిపోయిన ముక్క జన్యు పరీక్షకు పనికిరాదు. పెథాలజిస్టుకు ఫోన్ చేసి ఒక్క మాట అడిగాం: రకం తేల్చడానికి కావలసినన్ని స్టెయిన్లే (కణాల గుర్తులు పట్టే రంగు పరీక్షలు) వేయండి, మిగతా కణజాలం జన్యు పరీక్షలకు దాచండి. ఇరవై స్టెయిన్లు వేసి, ముక్కను భద్రపరిచిన మైనపు బ్లాక్ అంతా ఖర్చయిపోయాక మళ్లీ ముక్క తీయాల్సి రావడం రోగికి దండన. ఆ స్టెయిన్లలో టీటీఎఫ్-1, నాప్సిన్-ఎ పాజిటివ్, పీ40 నెగటివ్. ఊపిరితిత్తిలోనే పుట్టిన ఎడినోకార్సినోమా. టీబీకి గుర్తయిన గ్రాన్యులోమాలు (కణాల ముద్దలు) లేవు, ముక్కలో సీబీనాట్ నెగటివ్.

లంక, వరద, టాల్క్

నీరు మళ్లీ ఊరుతుంది. మూడు దారులున్నాయి: ఊరినప్పుడల్లా తీయడం, ఇంట్లోనే తీసుకునేలా గొట్టం అమర్చడం, టాల్క్ పొడి వేసి ఛాతీ లోపలి రెండు పొరలు అతుక్కునేలా చేయడం. ఈజీఎఫ్ఆర్ మార్పు ఉంటే దాన్ని అడ్డుకునే మాత్రతోనే నీరు ఆరిపోవచ్చు, అలాంటప్పుడు టాల్క్ అనవసరమనే వాదనలో బలం ఉంది. ఊళ్లో ఆసుపత్రి పక్కనే ఉంటే మేమూ ఆగేవాళ్లమే.

కానీ ఇది జూన్. జులై నుంచి సెప్టెంబరు దాకా గోదావరికి వరద వస్తే కాజ్‌వే మునిగి, ఆ లంకకు పడవే గతి. ఆయాసపడే మనిషిని వరదలో పడవ ఎక్కించి నీరు తీయించడానికి తేలేం. ఇంట్లో గొట్టం ఉంచితే శుభ్రతా కష్టమే, సీసాలు అందించడమూ కష్టమే. ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకుందని ఎక్స్‌రేలో చూసుకున్నాక, ఆసుపత్రిలో ఛాతీకి పెట్టిన గొట్టం ద్వారా 4 గ్రాముల టాల్క్‌ను సెలైన్‌లో కలిపి ఎక్కించాం. ఊపిరితిత్తి విచ్చుకోకపోతే పొరలు తగలవు, టాల్క్ దండగ. ముందు కిలోకు 3 మి.గ్రా. లెక్కన, 250కి మించకుండా, తిమ్మిరి మందు లిగ్నోకెయిన్ వేశాం. ఆ రాత్రి 101 జ్వరం, నొప్పి, ఇవి మామూలే. రోజుకు వచ్చే నీరు 100 మి.లీ. కంటే తగ్గాక గొట్టం తీసేశాం.

ఎదురుచూసిన రోజులు

ఛాతీ పొరకు చేరిన జబ్బు నాలుగో దశ. ఆపరేషన్‌కు తావు లేదు. మెదడు ఎంఆర్‌ఐ బాగుంది. వెంటనే కీమో మొదలుపెట్టమని కుటుంబం ఒత్తిడి చేసింది, నాలుగు నెలలు పోగొట్టుకున్న వాళ్ల ఆత్రం అర్థమవుతుంది. మేం జన్యు రిపోర్ట్ కోసం ఆగమన్నాం. నీరు తీసేశాక ఆయాసం తగ్గింది, పది రోజులు ఆగగల స్థితిలో ఉన్నారు. పొగ తాగని మహిళ, ఎడినోకార్సినోమా: ఈజీఎఫ్ఆర్ మార్పు దొరికే అవకాశం బాగా ఉంది. మన దేశంలో ఎడినోకార్సినోమా రోగులందరినీ కలిపి చూసినా నలుగురిలో ఒకరికి, కొన్నిచోట్ల ముగ్గురిలో ఒకరికి అది కనిపిస్తుంది. ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక శక్తిని కణితి మీదకు మళ్లించే చికిత్స) గురించి ఎవరో చెప్పారని అడిగారు. ఈ రిపోర్ట్ రాకముందు దాన్ని అసలు మొదలుపెట్టకూడదు. ఆ తర్వాత ఈజీఎఫ్ఆర్ మాత్ర ఒసిమెర్టినిబ్ ఇవ్వాల్సి వస్తే ఊపిరితిత్తుల వాపు ప్రమాదం పెరుగుతుంది.

ఆ రోజుల్లోనే టీబీ మందులు ఆపాం. కల్చర్ ఆరు వారాలు పట్టినా ముక్కలో ఆధారం ఏమీ లేదు. ఆపడానికి ఇంకో పెద్ద కారణం టీబీ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్. కాలేయంలో మందులను విరిచే ఎంజైమును అది రెచ్చగొడుతుంది. మరో ఈజీఎఫ్ఆర్ మాత్ర జెఫిటినిబ్ రక్తంలో ఐదో వంతుకు పడిపోతుంది, ఒసిమెర్టినిబ్‌దీ దాదాపు అదే గతి. రిఫాంపిసిన్ ఆపాక కూడా ఆ ప్రభావం రెండు వారాలదాకా ఉంటుంది. "ఎందుకైనా మంచిది, రెండూ నడవనీ" అనే సర్దుబాటు ఇక్కడ పనికిరాదు. నిజంగా రెండు జబ్బులూ ఉంటే మోతాదు మార్చాలి లేదా రిఫాంపిసిన్ లేని మందులు వెతకాలి. ఈమెకు కాలేయం ఎంజైములు కూడా మూడింతలు పెరిగి ఉన్నాయి. జెఫిటినిబ్‌కూ కాలేయం మీద దెబ్బ కొట్టే గుణం ఉంది, అవి దిగేదాకా ఆగడం అవసరమే.

ఆమెకు జబ్బు పేరు చెప్పొద్దని కొడుకులు బతిమాలారు. ఏం తెలుసుకోవాలనుకుంటున్నారో ముందు ఆమెనే అడుగుతామని, అడగనిది మీద పడి చెప్పబోమని, అడిగినదానికి అబద్ధం చెప్పబోమని వాళ్లతో అన్నాం. అడిగితే ఆమె సమాధానం: "టీబీ బిళ్లలు ఆపేశారంటే అంతకన్నా పెద్దదేనని నాకు తెల్దేంటండి. మందుందా లేదా, అది చెప్పండి." ఆ తర్వాత దాచడానికి ఏమీ మిగల్లేదు. మందు రోజూ మింగాల్సిన మనిషికి అది దేనికో తెలియకపోతే నెలకే మానేస్తారు.

మందు ఎంపిక

ఎక్సాన్ 19 డిలీషన్ ఉందని రిపోర్ట్ వచ్చింది. ఈజీఎఫ్ఆర్ మార్పుల్లో మాత్రకు బాగా లొంగేవాటిలో ఇదొకటి, రెండోది ఎల్858ఆర్.

అన్నిటికన్నా ముందు వరసలో ఉన్నది ఒసిమెర్టినిబ్ 80 మి.గ్రా. పాత తరం మాత్రలతో పోల్చిన ఫ్లారా ట్రయల్‌లో జబ్బు కదలకుండా ఉన్న మధ్యస్థ కాలం 18.9 నెలలు, పాత మాత్రలతో 10.2. మెదడు మీద కూడా బాగా పనిచేస్తుంది. ఖర్చు ఈ కుటుంబం నెలనెలా మోయలేనిది. ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏ మందు ఏ ప్యాకేజీలో వస్తుందో మొదటి రోజే ఆరోగ్యమిత్ర దగ్గర కూర్చుని తేల్చుకోవాలి. అప్పు తెచ్చి మూడు నెలలు కొని నాలుగో నెల ఆపేయడం అన్నిటికన్నా చెడ్డ దారి.

రెండోది జెఫిటినిబ్‌తో పాటు కీమో. ముంబై టాటా మెమోరియల్ వారు 2020లో ప్రచురించిన ట్రయల్‌లో జెఫిటినిబ్ ఒక్కటే వాడితే జబ్బు 8 నెలలు ఆగింది, పెమెట్రెక్సెడ్, కార్బోప్లాటిన్ కలిపితే 16 నెలలు. మన రోగుల మీద, మనకు అందే మందులతో వచ్చిన ఫలితం ఇది. కానీ కీమో బాధలు ఎక్కువ, ఆమె అప్పటికి తన పనులు తాను చేసుకోగలిగినా పగలు చాలాసేపు పడుకునే ఉంటున్నారు. అందుకని జెఫిటినిబ్ 250 మి.గ్రా. రోజుకొకటి మొదలుపెట్టి, సత్తువ వస్తే మూడు నాలుగు వారాలకు కీమో కలపాలని అనుకున్నాం.

అనుకోనివి

మొదటిది గ్యాస్ బిళ్ల. టీబీ మందుల నాటి పాంటోప్రజోల్ ఇంకా పరగడుపున వేసుకుంటున్నారు. అది మందు అని కూడా ఎవరూ లెక్కపెట్టరు కనుక అడిగినప్పుడు చెప్పలేదు. బిళ్లల సంచి బోర్లించమంటే బయటపడింది. కడుపులో ఆమ్లం తగ్గితే జెఫిటినిబ్ సరిగా ఒంటికి పట్టదు. పాంటోప్రజోల్ ఆపించాం. ఆపలేనివారికి రెండింటి మధ్య పన్నెండు గంటల ఎడం పెట్టాలి.

రెండోది మూడో వారంలో. ముఖం మీద, ఛాతీ మీద మొటిమల్లాంటి పొక్కులు లేచాయి. ఈ మందుకు అవి మామూలని ఆమెకూ కొడుకులకూ ముందే చెప్పి ఉన్నాం. ఇంట్లో పెద్దావిడ అయిన అత్తగారు అమ్మవారు పోసిందని తీర్మానించి వేపాకు పరిచి బిళ్లలన్నీ మాన్పించారు. వారం పోయాక ఆశా కార్యకర్త ద్వారా మాకు తెలిసింది. అత్తగారితోనే ఫోన్లో మాట్లాడి, ఇది మందు ఒంటికి పడుతున్న గుర్తేనండి, అంటుకునేది కాదండి అని వివరించాక మళ్లీ మొదలైంది. డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా. రెండు పూటలా, పలచగా హైడ్రోకార్టిసోన్ క్రీము, ఎండకు తల కప్పుకోవడం. రెండు వారాల్లో అణిగింది. వేపాకుతో గొడవ పడలేదు. ఇంట్లో మాట చెల్లేది ఎవరిదో కనుక్కుని ఆ మనిషికే దుష్ఫలితాలు చెప్పాలని ఈ కేసు చూసేవారందరూ గుర్తుపెట్టుకోవాలి.

వరద నెలల కోసం 45 రోజుల మాత్రలు, ఓఆర్‌ఎస్, విరేచనాలకు లోపెరమైడ్, ఒక పల్స్ ఆక్సీమీటర్ ఇంట్లో పెట్టించాం. కొత్తగా పొడి దగ్గు, ఆయాసం వచ్చినా, ఆక్సిజన్ 94 కన్నా దిగినా మాత్ర ఆపి వెంటనే ఫోన్ చేయాలని కాగితం మీద రాసిచ్చాం. ఈ మందు అరుదుగా ఊపిరితిత్తినే వాపుకు గురిచేస్తుంది, అప్పుడు మాత్ర కొనసాగితే ప్రాణాపాయం.

నాలుగో వారానికి ఆమె మళ్లీ పొయ్యి దగ్గర నిలబడుతున్నారు. కీమో కలిపాం: పెమెట్రెక్సెడ్ చదరపు మీటరుకు 500 మి.గ్రా., కార్బోప్లాటిన్ ఏయూసీ 5 (మూత్రపిండాల పనితీరును బట్టి లెక్కగట్టే మోతాదు), మూడు వారాలకొకటి చొప్పున నాలుగు. వారం ముందే ఫోలిక్ యాసిడ్ రోజూ, బీ12 ఇంజెక్షన్ 1000 మైక్రోగ్రాములు మొదలుపెట్టాలి. ఇవి లేకుండా పెమెట్రెక్సెడ్ ఇస్తే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. భుజం నొప్పికి ఊళ్లో ఇప్పించుకునే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్లు మాన్పించాం, మూత్రపిండాలు మందగిస్తే పెమెట్రెక్సెడ్ ఒంట్లో నిలిచిపోతుంది. ఛాతీలో నీరు మిగిలి ఉన్నా అదే జరుగుతుంది, ఆ విధంగానూ టాల్క్ మేలు చేసింది. ఒక కీమో వరద వల్ల పది రోజులు ఆలస్యమైంది.

మూడో నెల సీటీలో కణితి 3.8 నుంచి 1.7 సెం.మీ.కు తగ్గింది, నీరు లేదు, బరువు 50. టీబీ కల్చర్ నెగటివ్‌గా ముగిసింది. కాలేయం పరీక్ష మొదట రెండు వారాలకొకసారి, తర్వాత నెలకొకసారి చేయించాం.

జబ్బు మళ్లీ కదిలినప్పుడు

పదహారో నెలలో కాలేయంలో రెండు మచ్చలు. జెఫిటినిబ్‌కు ఎదురుతిరిగే కణితుల్లో దాదాపు సగం టీ790ఎం అనే కొత్త మార్పు వల్లే అలా మారతాయి, దానికి ఒసిమెర్టినిబ్ మందు. మళ్లీ ముక్క తీసే ముందు రక్తంలో వెతికాం. మామూలు ఈడీటీఏ ట్యూబులో తీస్తే కొన్ని గంటల్లోనే ప్లాస్మా వేరుచేయాలి, ఇక్కడి దూరాలకు అది కుదరదు. కణాలు పగలకుండా రోజుల తరబడి కాపాడే ప్రత్యేక ట్యూబు ల్యాబు నుంచి ముందే తెప్పించాం. రక్తంలో కనపడకపోతే లేనట్టు కాదు, అప్పుడు ముక్క తప్పదు. ఈమెకు రక్తంలోనే దొరికింది. ఈసీజీలో క్యూటీ విరామం, ఎకో చూసుకుని ఒసిమెర్టినిబ్ మొదలుపెట్టాం. కంపెనీ సహాయ పథకం, బంధువుల చేయూత కలిసి ఈసారి మందు అందింది. ఈ రాత నాటికి మచ్చలు తగ్గి, ఆమె ఇంటి పనులు చేసుకుంటున్నారు.

పిల్లలు అడిగినవి రెండు. తమకూ వస్తుందా అన్నది మొదటిది. ఈ మార్పు కణితిలో పుట్టింది, బహు అరుదైన కుటుంబాల్లో తప్ప తల్లి నుంచి బిడ్డకు రాదు. వాళ్లకు జన్యు పరీక్ష అక్కర్లేదు. ఏటా సీటీ తీయించుకోవాలా అన్నది రెండోది. తక్కువ రేడియేషన్ సీటీతో వడపోత 50 దాటి, ఏళ్ల తరబడి ఎక్కువగా పొగ తాగినవారి కోసం. టీబీ మచ్చలు ఇంత ఎక్కువగా ఉన్న మనచోట అందరికీ తీస్తే అనవసరపు సూదులే మిగులుతాయి. ఆ ఇంట్లో ఆ లెక్కకు వచ్చేది ఒక్క భర్తే. ఆయనకు సీటీ కన్నా ముందు చుట్ట మానడానికి నికోటిన్ గమ్, నెలనెలా కౌన్సెలింగ్ మొదలుపెట్టాం. ఇప్పటికి రోజుకు ఒకటికి దిగారు, అదీ ఇంటి బయట.